దండగే అనుకున్నా

నిన్న రాత్రి మా తమ్ముడితో పెద్ద వాదన. "జనం పన్నులతో రాకెట్లు ఎగరేయడం దండగ" అన్నాను. చాలా ఏళ్లుగా నా మాట అదే. వాడు గొంతు పెంచకుండా, "తుఫాను వస్తోందని నీకు ముందే ఎలా తెలుస్తోంది?" అన్నాడు. ఉపగ్రహాలు సరే, దూర గ్రహాల సంగతేంటి అన్నాను నేను.

పడుకునే ముందు, దూర గ్రహాల వైపు అమెరికా ప్రభుత్వం పంపిన వాయేజర్ 1 అనే వ్యోమనౌక గురించి చదివాను. 1977లో బయల్దేరింది. ఇప్పటికీ సంకేతాలు పంపుతూనే ఉంది, 20 వాట్ల పైచిలుకు రేడియోతో. ఓ చిన్న బల్బుకి పట్టే కరెంటు! లాభం చూసుకునే కంపెనీ ఏదైనా దీన్ని ఇన్నేళ్లు భరించేదా? నాకైతే నమ్మకం లేదు.

మనుషుల్ని అంగారకుడి మీదికి పంపే ఖర్చు మీద మాత్రం నా అనుమానం అలాగే ఉంది. సగం ఓడిపోయానని తమ్ముడికి ఇంకా చెప్పలేదు.