ఉగాది తోరణం, రంజాన్ దీపాలు

2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ ఆ మరునాడే రావడంతో, కడపలోని మా అపార్ట్‌మెంట్ ప్రవేశద్వారానికి మామిడాకుల తోరణం కట్టాలా, రంగు దీపాల దండలు వేయాలా అన్న చర్చ ఘాటుగానే సాగింది. ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు తమ ఆడపడుచుగా, స్వామివారి భార్యగా భావించే బీబీ నాంచారమ్మను తలచుకుని దేవుని కడప వేంకటేశ్వరుణ్ణి దర్శించుకునే ఊరిలో, హిందువులు పెద్ద దర్గాకు వెళ్లి మొక్కుకునే ఊరిలో, ఆ వాదన నాకు నిజంగా బాధ కలిగించింది. చివరికి రెండూ కట్టాము. అయితే మెట్ల దారికీ, లిఫ్టు తలుపుకూ ఏదీ అడ్డు రాకూడదనీ, దీపాల కరెంటును ఉమ్మడి మీటరు నుండి కాక కట్టినవారి ఇంటి మీటరు నుండే తీసుకోవాలనీ, వాడిన ఆకులను కట్టినవారే విప్పాలనీ నిర్ణయించుకున్నాము. వినాయక చవితి పందిరికీ, క్రిస్మస్ నక్షత్రానికీ ఇవే నియమాలు వర్తిస్తాయి.