ఇన్-స్టేట్ ట్యూషన్: ఏడాది ముందే మొదలుపెట్టవలసిన పని

అమెరికాలో పిల్లలు హైస్కూలు చివరి తరగతులకు చేరుకున్న తెలుగు కుటుంబాలలో ఒక నమ్మకం బలంగా ఉంది. మనం ఈ రాష్ట్రంలో ఉంటున్నాము, పన్నులు కడుతున్నాము, కాబట్టి ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సొంత రాష్ట్రపు విద్యార్థులకు ఉండే తక్కువ ఫీజు (ఇన్-స్టేట్ ట్యూషన్) దానంతట అదే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. మా పెద్దమ్మాయి చదువు కోసం ఈ వ్యవహారాన్నంతా దగ్గరుండి చూసుకున్న తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ఒక రాష్ట్రంలో నివసించడం ఒక సంగతి, ఆ నివాసాన్ని విశ్వవిద్యాలయం అడిగిన తేదీ నాటికి కాగితాలతో నిరూపించగలగడం మరొక సంగతి. ఈ రెండో పనిని అడ్మిషన్ ఉత్తరం చేతికి వచ్చాక మొదలుపెడితే సమయం సరిపోదు. పదకొండో తరగతి నడుస్తుండగానే దానిపై దృష్టి పెట్టాలి.

ఎంత డబ్బు గురించి మాట్లాడుతున్నామో ముందు చూద్దాం. కాలేజ్ బోర్డ్ లెక్కల ప్రకారం 2024-25లో నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ట్యూషన్, ఫీజులు కలిపి సొంత రాష్ట్రపు విద్యార్థికి సగటున 11,610 డాలర్లు, బయటి రాష్ట్రపు విద్యార్థికి 30,780 డాలర్లు. నాలుగేళ్లకు లెక్కవేస్తే ఈ తేడా 76 వేల డాలర్లు దాటుతుంది. పేరున్న చోట్ల ఇది ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2025-26లో కొత్తగా చేరిన బయటి రాష్ట్రపు విద్యార్థి, అందరూ కట్టే ట్యూషన్‌కు అదనంగా ఏడాదికి 37,602 డాలర్లు కట్టాలి. డబ్బు ఒక్కటే కాదు, సీటు కూడా దీనితో ముడిపడి ఉంటుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరేవారిలో దాదాపు 90 శాతం టెక్సాస్ వాసులకే దక్కుతుంది.

ఇక అర్హత విషయానికి వద్దాం. నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నా, చాలా రాష్ట్రాలలో మూలసూత్రం ఒక్కటే. తరగతులు మొదలయ్యే తేదీకో, విశ్వవిద్యాలయం నిర్ణయించిన మరో తేదీకో ముందు కనీసం పన్నెండు నెలల పాటు ఆ రాష్ట్రంలో నిజంగా నివసించి ఉండాలి, పైగా ఆ రాష్ట్రాన్నే శాశ్వత నివాసంగా చేసుకునే ఉద్దేశం ఉండాలి. దీనినే డొమిసైల్ అంటారు. ఉద్దేశం మనసులోని మాట కాబట్టి, దానిని మన పనుల ద్వారానే అధికారులు అంచనా వేస్తారు. రాష్ట్రపు డ్రైవింగ్ లైసెన్స్, వాహన రిజిస్ట్రేషన్, రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్ను, ఇంటి లీజు లేదా దస్తావేజు, ఉద్యోగ వివరాలు, కరెంటు బిల్లులు, ఇవన్నీ సాక్ష్యాలే. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. ఇల్లు కొంటే చాలునని కొందరు భావిస్తారు గానీ, మరో రాష్ట్రపు లైసెన్సుతో, మరో రాష్ట్రానికి పన్ను కడుతూ ఇక్కడ ఇల్లు కొన్నవారి దరఖాస్తు నిలబడడం కష్టం. కాగితంపై ఉన్న తేదీకి కాగితమంత విలువ ఉంటుంది. ఆగస్టులో కాలేజీ మొదలయ్యే బిడ్డ కోసం అంతకు ముందు సంవత్సరం నవంబరులో తీసుకున్న లైసెన్సు, పన్నెండు నెలల గడువుకు మూడు నెలలు తక్కువ పడుతుంది.

ఈ జాబితాలలో ఓటరు నమోదు కూడా కనిపిస్తుంది. అది అమెరికా పౌరులకు మాత్రమే ఉద్దేశించినది. వీసాపై ఉన్నవారైనా, గ్రీన్ కార్డు ఉన్నవారైనా సరే, నివాసానికి రుజువు అవుతుందని ఆ ఫారం నింపకూడదు. లైసెన్సు కార్యాలయంలో కౌంటరు దగ్గర తొందరలో అడిగే ప్రశ్నకు అవునని చెప్పేసినా, తరువాత ఇమిగ్రేషన్ వ్యవహారాలలో అది చాలా పెద్ద ఇబ్బందిగా మారగలదు. దయచేసి పిల్లలకు కూడా ఈ మాట విడమరిచి చెప్పండి.

తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి నివాసం సాధారణంగా తల్లిదండ్రుల నివాసాన్నే అనుసరిస్తుంది. అందుకే పిల్లలను ఒక రాష్ట్రంలో బంధువుల ఇంట్లో ఉంచి, తాము వేరే రాష్ట్రంలో ఉంటూ ఇన్-స్టేట్ ఫీజు ఆశించడం ఫలించదు. మొదటి సంవత్సరం బయటి రాష్ట్రపు ఫీజు కట్టి, అక్కడే ఏడాది ఉంటే రెండో సంవత్సరం నుంచి తగ్గిపోతుందన్న ఆలోచన మరీ ప్రమాదకరమని నా అభిప్రాయం. చదువు కోసమే వచ్చి గడిపిన కాలాన్ని నివాసంగా లెక్కించకుండా ఉండేందుకు చాలా రాష్ట్రాలు నిబంధనలు పెట్టుకున్నాయి. ఆర్థికంగా స్వతంత్రుడినని నిరూపించుకోవడం, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకునే పద్దెనిమిదేళ్ల విద్యార్థికి దాదాపు అసాధ్యం. అయితే రాష్ట్రాల అధికారానికీ హద్దు ఉంది. దరఖాస్తు చేసిన నాటికి బయటి రాష్ట్రపువాడైన విద్యార్థిని చదువు పూర్తయ్యేదాకా బయటివాడిగానే పరిగణించాలన్న కనెక్టికట్ నిబంధనను 1973లో వ్లాండిస్ వర్సెస్ క్లైన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నిజంగా స్థిరపడినవారికి ఆ సంగతి నిరూపించుకునే అవకాశం ఇవ్వాలని చెబుతూనే, నివాసానికి సమంజసమైన షరతులు పెట్టుకునే హక్కును రాష్ట్రాలకు మిగిల్చింది.

మన కుటుంబాలకు అసలు చిక్కు వీసా దగ్గర వస్తుంది. హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (వారి భార్య లేదా భర్త, పిల్లల వీసా) వీసాలపై ఉన్నవారు డొమిసైల్ ఏర్పరచుకోవచ్చని అనేక రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, ఎందుకంటే ఆ వీసాలు శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశానికి అడ్డు రావు. స్వదేశంలోని నివాసాన్ని వదులుకోలేదని చెప్పి తీసుకునే ఎఫ్-1 విద్యార్థి వీసాపై ఉన్నవారికి సాధారణంగా ఈ అవకాశం ఉండదు. ఈ తేడా కాగితాల మీద చిన్నదిగా కనిపించినా, హెచ్-4పై పెరిగిన బిడ్డకు ఇరవై ఒకటి నిండే రోజున ఎంతో పెద్దదవుతుంది. ఆ రోజుతో హెచ్-4 హోదా ముగుస్తుంది. భారతీయుల గ్రీన్ కార్డు వరుస ఎంత పొడవుగా ఉందో అందరికీ తెలిసినదే. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ ఇరవై ఒకటి దాటినా కొన్ని సందర్భాలలో పిల్లలుగానే లెక్కించే 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం కొందరిని కాపాడుతుంది గానీ అందరినీ కాదు. అప్పుడు ఆ బిడ్డ ఎఫ్-1కు మారవలసి వస్తే, అప్పటిదాకా ఉన్న ఇన్-స్టేట్ హోదా ఏమవుతుందన్నది ఆ రాష్ట్రం, ఆ విశ్వవిద్యాలయం నిబంధనలపై ఆధారపడి ఉంటుంది. కొన్ని రాష్ట్రాలలో అక్కడి హైస్కూలులో నిర్ణీత సంవత్సరాలు చదివి పట్టా పొందినవారికి వేరే దారి ఉంది, దానిలో కూడా ఏ వీసాలు చెల్లుతాయో విడిగా చూసుకోవాలి. కాలేజీలను ఎంచుకునేటప్పుడే బిడ్డ పుట్టిన తేదీని ముందు పెట్టుకుని, ఏ సెమిస్టరులో ఇరవై ఒకటి నిండుతుందో గుర్తించి, రెసిడెన్సీ నిర్ణయించే కార్యాలయాన్ని ఈమెయిల్ ద్వారా అడిగి, జవాబును భద్రపరచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఫోనులో విన్న మాటను రెండేళ్ల తరువాత ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఉద్యోగం మారి కుటుంబం మరో రాష్ట్రానికి వెళ్లడం కూడా మన ఇళ్లలో తరచుగా జరిగేదే. బిడ్డ చేరిన తరువాత తల్లిదండ్రులు వెళ్లిపోతే, చదువులో విరామం లేనంత కాలం పాత హోదాను కొనసాగించే చోట్లు ఉన్నాయి. అలా కొనసాగించని చోట్లూ ఉన్నాయి. పన్నెండో తరగతి మధ్యలో మారితే మాత్రం, వదిలిన రాష్ట్రంలో హోదా పోయి, కొత్త రాష్ట్రంలో ఏడాది నిండక, రెండు చోట్లా బయటివారిగా మిగిలిపోయే పరిస్థితి రావచ్చు. ఆఫరులోని జీతం పెంపును ఈ ఖర్చుతో పోల్చి చూశాకే నిర్ణయం తీసుకోవడం మంచిది.

సొంత రాష్ట్రంలో కోరుకున్న కోర్సు లేనివారికి ప్రాంతీయ ఒప్పందాలు కొంత ఆసరా ఇస్తాయి. పశ్చిమ రాష్ట్రాల వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్ కింద, అందులో పాల్గొనే కాలేజీలు ఇన్-స్టేట్ ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లు మించకుండా వసూలు చేస్తాయి. దక్షిణ రాష్ట్రాలకు అకడమిక్ కామన్ మార్కెట్, మధ్య పశ్చిమానికి మిడ్‌వెస్ట్ స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ ఉన్నాయి. అన్ని కాలేజీలు, అన్ని కోర్సులు వీటి పరిధిలోకి రావు.

హోదా దక్కినంత మాత్రాన ఖర్చు తేలిక అవుతుందనుకోకూడదు. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది ట్యూషన్ దగ్గరే ఆగిపోతారు. అదే 2024-25లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో వసతి, భోజనాలకు సగటున 13,310 డాలర్లు, అంటే ఇన్-స్టేట్ ట్యూషన్ కంటే ఎక్కువ. పుస్తకాలు, ప్రయాణాలు, ఇతర ఖర్చులు కూడా కలుపుకుంటే క్యాంపస్‌లో ఉండే ఇన్-స్టేట్ విద్యార్థి సంవత్సరానికి మొత్తం 29,910 డాలర్ల వరకు తేలుతుంది. ఇంజనీరింగ్, బిజినెస్ కోర్సులకు అదనపు ట్యూషన్ వేసే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి, ఆ మొత్తం ప్రధాన ఫీజుల పట్టికలో కాక మరోచోట ఉండవచ్చు. రెండో సంవత్సరం బయట అద్దెకు వెళ్తే లీజు సాధారణంగా పన్నెండు నెలలకు ఉంటుంది, తరగతులు మాత్రం తొమ్మిది నెలలే. విశ్వవిద్యాలయం తనంతట తాను బిల్లులో చేర్చే ఆరోగ్య బీమాను, తల్లిదండ్రుల ఆరోగ్య బీమాలో ఉన్నవారు మినహాయింపు ఫారం నింపి తీసివేయించుకోవచ్చు. గడువు దాటితే ఆ డబ్బు తిరిగి రాదు.

సహాయం ఎవరికి దొరుకుతుందన్నది పౌరసత్వాన్ని బట్టి మారుతుంది. ఫెడరల్ సహాయానికి దారితీసే ఎఫ్.ఏ.ఎఫ్.ఎస్.ఏ. దరఖాస్తులో హెచ్-4 విద్యార్థికి అర్హత లేదు. కానీ ఇక్కడే పుట్టిన బిడ్డకు, తల్లిదండ్రులు ఇంకా వీసాపైనే ఉన్నా, పూర్తి అర్హత ఉంది. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టని కుటుంబాలను చూసి నాకు బాధ కలిగింది. మన ఆదాయానికి గ్రాంటు రాకపోయినా, విద్యార్థి పేరుమీద మొదటి సంవత్సరం 5,500 డాలర్ల వరకు దొరికే ఫెడరల్ రుణానికి ఆ దరఖాస్తే ఆధారం. రాష్ట్రాల స్కాలర్‌షిప్‌ల నియమాలు వేరు. జార్జియాలో ఇన్-స్టేట్ ఫీజు దక్కిన హెచ్-4 విద్యార్థికి కూడా, 1993 నుంచి నడుస్తున్న హోప్ స్కాలర్‌షిప్ దక్కదు, దానికి పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు వంటి అర్హత కావాలి.

పొదుపు విషయంలో, చదువు ఖర్చుల కోసం పన్ను రాయితీతో డబ్బు దాచుకునే 529 ఖాతా నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. ఏ రాష్ట్రపు ఖాతా తెరిచినా దేశంలో ఎక్కడి కాలేజీకైనా వాడుకోవచ్చు, వసతి, భోజనం ఖర్చులూ దానిలోకి వస్తాయి. అయితే ట్యూషన్ అంతటినీ దానితోనే కట్టకండి. ఏడాదికి 2,500 డాలర్ల వరకు ఇచ్చే అమెరికన్ ఆపర్చునిటీ పన్ను క్రెడిట్ పూర్తిగా పొందాలంటే 4,000 డాలర్ల ట్యూషన్, పుస్తకాల ఖర్చును 529 బయటి డబ్బుతో కట్టాలి, ఒకే ఖర్చుకు రెండు ప్రయోజనాలు కుదరవు. భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే ఈ క్రెడిట్ తగ్గుతూ, 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది.

చివరగా, లెక్క ఒక సంవత్సరానికి కాక చదువు మొత్తానికి వేయండి. ఫీజులు ఏటా కొంత పెరుగుతాయని అనుకుని, ఐదో సంవత్సరం అవసరమైతే ఎంత అవుతుందో కూడా పక్కన రాసుకోండి. హైస్కూలులోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల క్రెడిట్లలో ఏవి డిగ్రీకి నిజంగా పనికివస్తాయో, ముందు చదవవలసిన కోర్సులకు సీట్లు ఏ సెమిస్టరులో దొరుకుతాయో చేరకముందే విభాగపు సలహాదారును అడగవచ్చు. మా అమ్మాయి ఆ ప్రశ్నలు తానే అడిగి, జవాబులను ఫీజుల పక్కనే అదే పట్టికలో రాసుకుంది. ఏ కాలేజీకి వెళ్లాలన్నది మేమందరం ఆ పట్టికను ముందు పెట్టుకునే తేల్చుకున్నాము.