గుత్త గడువు తీరిన తోట

2025 నవంబర్‌లో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఫుట్‌బాల్ జట్లు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు తలపడ్డాయి. 1న ఒరెగాన్ స్టేట్ ఊరు కొర్వాలిస్‌లో, 29న వాషింగ్టన్ స్టేట్ ఊరు పుల్‌మన్‌లో. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే సీజన్‌లో ఒకే జట్టుతో రెండు రెగ్యులర్ మ్యాచ్‌లు పెట్టుకోవడం చాలా అరుదు. వీళ్ళు వేరే గతి లేక పెట్టుకున్నారు. 1915లో పుట్టి, 2023 వేసవి మొదట్లో 12 స్కూళ్ళతో (అక్కడ యూనివర్సిటీని స్కూలనే అంటారు) నిండుగా ఉన్న ప్యాక్-12 కాన్ఫరెన్స్‌లో, అంటే కలిసి ఆడే యూనివర్సిటీల కూటమిలో, చివరికి మిగిలింది ఆ ఇద్దరే.

ఐపీఎల్ చూసేవాళ్ళకు లెక్క తొందరగానే అర్థమవుతుంది. అక్కడ టీవీ హక్కులు బోర్డు అమ్మి ఫ్రాంచైజీలకు పంచుతుంది. ఇక్కడ ఆ పని చేసేది కాన్ఫరెన్స్. తేడా ఏమిటంటే, ఐపీఎల్ జట్టు లేచి ఇంకో లీగ్‌కి పోలేదు, ఇక్కడి స్కూలు పోగలదు. 1984 వరకు కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులన్నీ కాలేజీ ఆటల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో కూడా అదే చెప్పేది. ఓక్లహోమా యూనివర్సిటీ బోర్డు వేసిన కేసులో సుప్రీంకోర్టు 7–2తో ఆ పెత్తనం కొట్టేసింది. ఈ వలసలన్నిటికీ తలుపు అక్కడ తెరుచుకుంది.

స్కూళ్ళు పారిపోకుండా పట్టి ఉంచేవి రెండు కాగితాలు. ఒకటి ఎగ్జిట్ ఫీజు, అంటే పోతే ఇంత కట్టిపోవాలని. రెండోది గ్రాంట్ ఆఫ్ రైట్స్, అసలు బలం దీనిదే. మామిడి తోట గుత్తకిచ్చినట్టు అనుకోండి. తోట నీదే, చెట్లు నీవే, కానీ గుత్త గడువు తీరేదాకా కాయ గుత్తదారుది. స్కూలు తన సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌ల ప్రసార హక్కును ఫలానా తేదీ దాకా కాన్ఫరెన్స్‌కి రాసిస్తుంది. మధ్యలో వేరే కాన్ఫరెన్స్‌కి పోయినా ఆ మ్యాచ్‌ల టీవీ డబ్బు పాత కాన్ఫరెన్స్‌దే. కాయలు రాని తోటను కొత్తవాడు ఎందుకు రానిస్తాడు? అందుకే ఏ స్కూలు ఎప్పుడు కదులుతుందో అంచనా వేయాలంటే గెలుపోటములు, కోచ్ మాటలు, అభిమానుల కోపం పక్కన పెట్టి ఆ కాగితం మీది చివరి తేదీ చూడాలి.

ప్యాక్-12 కాగితం గడువు 2024 వేసవితో తీరింది. కూలడం సరిగ్గా దాని చుట్టూనే జరిగింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ స్కూళ్ళు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ తాము 2024లో బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నట్టు చెప్పాయి. గుత్త తీరాక పోతున్నారు కాబట్టి ఎగ్జిట్ ఫీజు బాధ లేదు. లాస్ ఏంజెలెస్ మార్కెట్ పోయిన కాన్ఫరెన్స్‌కి టీవీ వాళ్ళ దగ్గర బేరమాడే బలం సగం పోయింది. అయినా క్రీడల ఛానల్ ఈఎస్‌పీఎన్ స్కూలుకు ఏటా 30 మిలియన్ డాలర్ల దగ్గర మాట మొదలుపెడితే, ప్యాక్-12 నుంచి 50 మిలియన్లు అడిగారని తర్వాత పత్రికల్లో వచ్చింది. ఈలోగా అదే ఏడాది అక్టోబర్‌లో పోటీ కాన్ఫరెన్స్ బిగ్ 12 ముందు వరుసలోకి వెళ్ళి, స్కూలుకు సగటున 31.7 మిలియన్లకు ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఒప్పందం ముగించేసింది. సంతలో చివరిదాకా పట్టుకు కూర్చున్న పశువు ధర పడిపోతుందని మనకెవరూ చెప్పనక్కర్లేదు. టీవీ కంపెనీల బడ్జెట్ అయిపోయాక మిగిలింది యాపిల్ స్ట్రీమింగ్ ఆఫర్: స్కూలుకు 25 మిలియన్ల లోపు, సబ్‌స్క్రైబర్లు పెరిగితే ఇంకొంచెం.

2023 జులై 27న కొలరాడో బిగ్ 12కి పోయింది. ఆగస్టు 4 ఉదయం మిగతా తొమ్మిది స్కూళ్ళు కొత్త గ్రాంట్ ఆఫ్ రైట్స్ మీద సంతకాలు పెట్టాలి. సంతకాలు పడలేదు. ఆ రోజు చీకటి పడేలోగా వాషింగ్టన్, ఒరెగాన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి తేలాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) రెండూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, అంటే ఏసీసీలో చేరాయి. పసిఫిక్ ఒడ్డు స్కూళ్ళు అట్లాంటిక్ ఒడ్డు కాన్ఫరెన్స్‌లో!

బాగా ఆడితే పిలుపొస్తుందనే నమ్మకం ఇక్కడే పగిలింది. ఒరెగాన్ స్టేట్ 2022లో 10 మ్యాచ్‌లు గెలిచింది. స్టాన్‌ఫర్డ్ 2021, 2022, 2023 మూడేళ్ళూ 3 గెలుపులు, 9 ఓటములు. చోటు దొరికింది స్టాన్‌ఫర్డ్‌కి. 2023 సెప్టెంబర్ 23న పుల్‌మన్‌లో మిగిలిపోయిన ఇద్దరు అనాథలు, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్, ఆడినప్పుడు రెండు జట్లూ దేశంలో టాప్ 25 ర్యాంకుల్లో ఉన్నాయి. వాషింగ్టన్ స్టేట్ 38–35తో గెలిచింది. అంత మంచి మ్యాచ్ ఆడుతున్న రెండు స్కూళ్ళను ఎవరూ పిలవలేదు, ఎందుకంటే పుల్‌మన్ గోధుమ చేల మధ్య 30 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు, సియాటెల్‌కి 280 మైళ్ళ పైన. కొర్వాలిస్ కూడా చిన్న ఊరే. టీవీ వాళ్ళు లెక్కపెట్టేది ఇళ్ళను, విజయాలను కాదు.

వీళ్ళు చేసిన తెలివైన పని ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఉమ్మడి ఇల్లు వదిలి పోతున్న పదిమంది, ఇనప్పెట్టె తాళం మీద కూడా మాకు ఓటుంది అన్నారు. పదిమందికి ఓటుంటే కాన్ఫరెన్స్‌నే రద్దు చేసి ఉన్నదంతా పంచుకోవచ్చు. ఈ ఇద్దరూ వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కౌంటీ సుపీరియర్ కోర్టుకు వెళ్ళారు. కాన్ఫరెన్స్ నియమావళిలో, వెళ్తున్నట్టు నోటీసిచ్చిన సభ్యుడికి బోర్డులో చోటు పోతుందని ఉంది. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ నోటీసిచ్చినప్పుడు వాళ్ళను బోర్డు సమావేశాలకు రానివ్వలేదు. కొలరాడో విషయంలోనూ అంతే. అప్పుడు అందరూ ఒప్పుకున్న అర్థమే ఇప్పుడూ వర్తించాలి అన్నది వాదన. నవంబర్‌లో జడ్జి ఈ ఇద్దరి పక్షాన ఉత్తర్వు ఇచ్చారు, డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ వెంటనే రాజీ: వెళ్ళేవాళ్ళు మొత్తం 65 మిలియన్లు వదులుకున్నారు, పెత్తనం, ముందుముందు వచ్చే ఆదాయం ఇద్దరికీ వచ్చాయి.

ఆ ఆదాయంలో ఒక తమాషా ఉంది. బాస్కెట్‌బాల్ ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో జట్టు ఆడే మ్యాచ్‌లకు యూనిట్లు వస్తాయి. ఒక్కో యూనిట్ ఆరేళ్ళపాటు డబ్బు ఇస్తుంది, మొత్తం కలిపి సుమారు 2 మిలియన్లు. అవి స్కూలు ఖాతాలో కాక కాన్ఫరెన్స్ ఖాతాలో పడతాయి. అరిజోనా, యూసీఎల్‌ఏ కుర్రాళ్ళు చెమటోడ్చి సంపాదించినదాన్ని పుల్‌మన్, కొర్వాలిస్ తింటున్నాయన్నమాట.

డబ్బు చేతికొచ్చినా ఆడటానికి జట్లు కావాలి. ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌కి కనీసం ఎనిమిది మంది సభ్యులుండాలి, తగ్గితే ఎన్‌సీఏఏ రెండేళ్ళ గడువిస్తుంది. 2024లో ఒక్కో స్కూలు ఆరేసి మ్యాచ్‌లు మౌంటెన్ వెస్ట్ జట్లతో ఆడేందుకు ఆ కాన్ఫరెన్స్‌కి 14 మిలియన్లు కట్టారు. ఆ కాగితంలోనే ఇంకో మెలిక పెట్టారు: మా సభ్యులను లాక్కుంటే మొదటి స్కూలుకు 10 మిలియన్లు, ఆపైన ఒక్కొక్కరికి అర మిలియన్ చొప్పున పెంచుతూ కట్టాలి. 2024 సెప్టెంబర్‌లో బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్‌లను తెచ్చుకున్నారు. 10, 10.5, 11, 11.5, 12, కలిపితే 55 మిలియన్లు. ఆ స్కూళ్ళు విడిగా కట్టాల్సిన ఎగ్జిట్ ఫీజు దీనికి అదనం. ఇది మళ్ళీ కోర్టుకెక్కింది. ఎనిమిదో ఫుట్‌బాల్ సభ్యుడు టెక్సస్ స్టేట్. చేరిక ప్రకటన 2025 జూన్ 30న వచ్చింది. తెల్లారి ఉంటే అది వదులుతున్న సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ ఎగ్జిట్ ఫీజు 5 నుంచి 10 మిలియన్లకు పెరిగేది. తేదీ చూడమనేది ఇందుకే.

స్కూలు లోపల ఏం జరుగుతుందో చూస్తే, మొదట బయటపడేది పాత అప్పు. వాషింగ్టన్ స్టేట్ 2012–14 మధ్య స్టేడియం ప్రీమియం సీట్లకు, ఫుట్‌బాల్ భవనానికి కలిపి 120 మిలియన్లకు పైగా పెట్టింది. ప్యాక్-12 సొంత ఛానల్ నుంచి డబ్బు ప్రవాహంలా వస్తుందన్న అంచనా మీద తీసుకున్న నిర్ణయం అది. ఆ ఛానల్‌కి శాటిలైట్ టీవీ సంస్థ డైరెక్‌టీవీలో చోటు ఎప్పుడూ దొరకలేదు, ఆదాయం అంచనా దరిదాపులకు రాలేదు. ఒరెగాన్ స్టేట్ ఇంకా పాపం: 160 మిలియన్ల పైచిలుకుతో తిరగకట్టిన రీసర్ స్టేడియంలో మొదటి మ్యాచ్ 2023 సెప్టెంబర్ 9న. కాన్ఫరెన్స్ కూలి అప్పటికి ఐదు వారాలు.

తర్వాత మనుషులు పోతారు. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) క్యామ్ వార్డ్ 2023 సీజన్ అయ్యాక మయామీకి వెళ్ళి, 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయ్యాడు. అతని తర్వాతి క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ ఒక్క సీజన్ ఆడి ఓక్లహోమాకి. ఒరెగాన్ స్టేట్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు 2024లో చివరి ఎనిమిదిలోకి వెళ్ళింది. కొన్ని వారాల్లోనే ఆ జట్టు ఆటగాళ్ళు రేగన్ బీర్స్ ఓక్లహోమాకి, టాలియా వాన్ ఓల్‌హాఫెన్ యూఎస్‌సీకి వెళ్ళిపోయారు. ఆటగాళ్ళు స్కూలు మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ లేని రోజుల్లో కాన్ఫరెన్స్ పోయినా జట్టు నాలుగేళ్ళు నిలిచేది. ఇప్పుడు నెలలో ఖాళీ.

చివర్లో కోత ఎవరి మీద? టీవీలో కనపడని ఆటల మీద. 2025 జూన్‌లో వాషింగ్టన్ స్టేట్ ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో జంప్స్, త్రోస్ లాంటి ఫీల్డ్ ఈవెంట్లు ఎత్తేసి దూరపు పరుగుల మీదే ఉంటామంది. అదే నెలలో, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం దొరికి, స్కూళ్ళు ఆటగాళ్ళకు నేరుగా 2025–26లో 20.5 మిలియన్ల దాకా ఇవ్వొచ్చన్నారు. ఆ పరిమితి పెద్ద స్కూళ్ళ సగటు ఆదాయం మీద 22 శాతంగా కట్టినది. టీవీ వాటా సన్నగిల్లిన స్కూలుకి అది అందని ద్రాక్షే. అడ్మిషన్ల విషయంలో మాత్రం తొందరపడి కాన్ఫరెన్స్‌ని తిట్టకూడదు. వాషింగ్టన్ స్టేట్‌లో విద్యార్థుల సంఖ్య 2023కి ముందు నుంచే తగ్గుతోంది.

వెళ్ళినవాళ్ళంతా సుఖపడ్డారనీ కాదు. వార్తల్లో వచ్చే పెద్ద అంకె పాత సభ్యులది. వాషింగ్టన్, ఒరెగాన్ బిగ్ టెన్‌లో సుమారు సగం వాటాతో, 30 మిలియన్ల దగ్గర మొదలయ్యాయి. స్టాన్‌ఫర్డ్, కాల్ మొదట్లో ఏసీసీ టీవీ వాటాలో 30 శాతమే తీసుకుంటాయి. డాలస్‌లోని ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్ళు టీవీ డబ్బే వద్దని చేరింది. దాతలు వారంలోపే 100 మిలియన్లు పోగేశారు కాబట్టి అది సాగింది, పైగా మొదటి ఏడే 12 జట్ల ప్లేఆఫ్‌కి వెళ్ళింది. అలాంటి దాతలు లేని స్కూలు ఆ దారి చూడకపోవడమే మంచిది. న్యూజెర్సీలో ఎడిసన్, పిస్కాటవే వైపు ఉండే మనవాళ్ళకు రట్గర్స్ కథ తెలిసే ఉంటుంది: 2014లో బిగ్ టెన్‌లో చేరాక మొదటి ఆరేడేళ్ళు పూర్తి వాటా లేదు, ఖర్చు మాత్రం మొదటి రోజు నుంచీ బిగ్ టెన్ స్థాయిలోనే. మేరీల్యాండ్ 2012లో డబ్బు చాలక ఏడు జట్లను మూసేసి, అదే ఏడాది నవంబర్‌లో బిగ్ టెన్‌కి ఒప్పుకుంది. పాత కాన్ఫరెన్స్ అడిగిన 52 మిలియన్ల ఎగ్జిట్ ఫీజు చివరికి 31.4 మిలియన్లకు తెగింది. ఈ ఫీజులు కాగితం మీద ఉన్నంతగా వసూలు కావన్నమాట.

ప్రయాణాల భారం ఫుట్‌బాల్‌కి తక్కువే. ఏడాదికి ఐదారు బయటి మ్యాచ్‌లు, చార్టర్ విమానం, శనివారం ఆట. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ పిల్లలకు అలా కాదు. వారం మధ్యలో పోవాలి, తరగతులు పోతాయి, తిరుగు ప్రయాణంలో మూడు గంటల టైమ్ తేడా. ఫుట్‌బాల్‌ని ఒక కాన్ఫరెన్స్‌లో, మిగతా ఆటల్ని దగ్గరి కాన్ఫరెన్స్‌లో పెట్టడం తేలికైన పరిష్కారం. రెండు జట్ల ప్యాక్-12 తప్పనిసరై అదే చేసింది, బాస్కెట్‌బాల్‌ని వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడించింది.

మీ పిల్లల స్కూలు ఇలాంటి ప్రకటన చేస్తే నాలుగు సంగతులు అడగండి. పూర్తి వాటా ఏ ఏడు నుంచి? అప్పటిదాకా లోటు ఎవరు పూడుస్తారు, దాతలా, యూనివర్సిటీ జనరల్ ఫండా, లేక మీ ఫీజు బిల్లులో ఉండే అథ్లెటిక్స్ ఫీజా? స్టేడియం బాండ్ల కిస్తీ ఇంకా ఎన్నేళ్ళుంది? కొత్త గ్రాంట్ ఆఫ్ రైట్స్ ఎప్పటిదాకా? మొదటి మూడింటికి జవాబు రాబట్టడానికి బోర్డ్ ఆఫ్ రీజెంట్స్ (యూనివర్సిటీ పాలక మండలి) సమావేశ పత్రాలు తిరగేయాలి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే అవి బహిరంగంగానే దొరుకుతాయి.

నాలుగోదానికి ఇప్పటికే కొన్ని జవాబులున్నాయి. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029–30 సీజన్‌తో అయిపోతుంది. బిగ్ 12ది 2030–31తో. ఏసీసీ సభ్యులు ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ ఆ కాన్ఫరెన్స్‌తో నడిపిన కేసుల రాజీ ప్రకారం ఏసీసీ వదిలే ఫీజు 165 మిలియన్ల నుంచి ఏటా 18 తగ్గుతూ 2030–31కి 75 మిలియన్లకు దిగుతుంది. కొత్త ప్యాక్-12 సీబీఎస్‌తో రాసుకున్న కాగితం కూడా 2030–31 దాకానే.