మూసిన ప్యానెల్లో గాలి శాంపిల్: నా అనుభవం

రెండో రిపోర్టు నిన్ననే వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా బొగ్గు బాయిలో బొగ్గు తీసేసి మూసేసిన ప్యానెల్ (బాయిలో ఒక భాగం) ఒకటుంది. లోపల మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కుతోందేమో తెలియాలంటే, దాన్ని మూసిన స్టాపింగ్ గోడలోని పైపు నుంచి గాలి పట్టి ల్యాబ్‌కు పంపాలి. వాల్వు తిప్పడం, బ్లాడర్ (గాలి పట్టే సంచి) నింపడం అరగంట పని. మొదటి షిఫ్టులో 8 గంటలకే పట్టుకొచ్చాను.

రిపోర్టులో ఆక్సిజన్ 17 శాతం. అంతకుముందు వారం 4. మీథేన్ తగినంత ఉండి, ఆక్సిజన్ సుమారు 12 శాతం దాటిందంటే పేలుడు భయమే. ఆఫీసులో టెన్షన్ పడటంలో తప్పు లేదు. కానీ మా అధికారి హాజరు వేసే మస్టర్ దగ్గర 30 మంది ముందు, "గోడ దాకా పోయావా, దారిలోనే నింపుకొచ్చావా?" అన్నాడు. 12 ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఆ పూట అన్నం సహించలేదు.

రాత్రి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని లెక్క వేశాను. ఎంత ఆక్సిజన్ తగ్గిందో, అందులో బొగ్గు వేడెక్కితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతమో చూసేదే గ్రాహం నిష్పత్తి. మంచి గాలి కలిస్తే రెండూ కలిసే పలచబడతాయి, నిష్పత్తి మారదు. అప్పుడూ 0.4, ఇప్పుడూ 0.4! దారిలో నింపి ఉంటే 160 పీపీఎం (పది లక్షల్లో 160 వంతులు) కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడినుంచి వస్తుంది? ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు, నాకు తట్టింది.

మర్నాడు షిఫ్టంతా గోడ దగ్గరే కూర్చున్నాను. అక్కడ యూ ఆకారపు గాజు గొట్టంలో నీళ్లుంటాయి. ఒక కొస ప్యానెల్ లోపలికి, ఇంకో కొస మన వైపుకు. 9 గంటలకు క్యాప్ లైటు వేసి చూస్తే మన వైపు నీళ్లు 6 మిల్లీమీటర్లు కిందికి ఉన్నాయి. అంటే బయటి గాలి లోపలికి తోసుకుపోతోంది. 12కల్లా సమమయ్యాయి. 2 దాటాక మన వైపు పైకి లేచాయి. వాతావరణ పీడనం ఉదయం 10 దాకా పెరిగి, సాయంత్రం 4 దాకా తగ్గుతుంది కదా, గోడ సందుల్లోంచి గాలి కూడా దాని ప్రకారమే పోతూ వస్తూ ఉంటుంది.

రెండున్నరకు, పైపులో నిలిచిన గాలంతా పోయేదాకా పంపు కొట్టి, అప్పుడు నింపాను. ఆక్సిజన్ 4.2.

శాంపిల్ పట్టబోయేవాళ్లు ముందు ఆ నీళ్లు చూడండి. మన వైపు కిందికి ఉంటే, ఎవరు తొందరపెట్టినా వాల్వు ముట్టుకోకండి. చీటీ మీద టైము, నీళ్ల కొలత తప్పకుండా రాయండి. నేను మొదటిసారి అవి రాయకపోవడం వల్లే అంత మాట పడ్డాను.

రెండో రిపోర్టు మీద మా అధికారి సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆ 30 మంది ముందు మాత్రం ఇంతవరకు ఏమీ అనలేదు.