మన బడి పెంకుల కప్పు

మన బడి ఎంత పాతదో పేర్లే చెబుతాయి. పెద్దవాళ్లు ఇప్పటికీ ‘బోర్డు స్కూలు’ అంటారు, అది జిల్లా బోర్డుల నాటి మాట. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితి స్కూలైంది. 1986 చట్టంతో మండల పరిషత్తులు ఏర్పడ్డాక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. పేర్లు మారినా పాత హాలు మాత్రం అదే. దాన్ని నిలబెట్టుకోవాలన్నదే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

గోడలు ఇటుకవి. అడుగున్నర మందం, గానుగ సున్నంతో కట్టినవి. నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరి వాడేవారు. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. తర్వాతి మరమ్మతుల్లో దానిపైన సిమెంటు పూత వేశారు. అప్పటినుంచి లోపలి తడి బయటికి రాలేక గోడ అడుగు భాగాన ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడుతోంది. ఎన్నిసార్లు సిమెంటు పూసినా ఇదే జరుగుతుంది. పూత మొత్తం గీకేసి మళ్లీ సున్నమే పూయాలి.

ఇక కప్పు. మనం బెంగుళూరు పెంకులంటాం గానీ ఈ రకం పుట్టింది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ సంస్థ అక్కడ మొదటి కార్ఖానా పెట్టింది. ఒక్కో పెంకు రెండు కిలోలకు పైనే ఉంటుంది, చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. వాసాల మీద అడుగుకు కాస్త ఎక్కువ ఎడంలో రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు కొట్టి, పెంకు వెనక ముక్కును రీపరుకు తగిలిస్తారు. అన్ని అనర్థాలకూ మూలం ఒక్క పెంకు జారడమే. కొబ్బరికాయ పడో, కోతులు దూకో పెంకు కదులుతుంది, చినుకులకు రీపరు నాని పుచ్చుతుంది, ఆ వరుసంతా కుంగుతుంది. గోడలోకి దిగిన వాసాల కొసలకు గాలి తగలదు కాబట్టి చెద ముందు అక్కడే పడుతుంది. కొసను ఉలితో గుచ్చి చూడాలి, మెత్తగా దిగిందంటే లోపల గుల్లే.

పక్కనున్న శ్లాబు గదులు ప్రాథమిక బడులకు కనీస వసతుల కోసం 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం తరహావి, రెండు గదులూ ఒక వరండా. వాటి శ్లాబులో చువ్వలు తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటు పెళ్లలు రాలుతున్నాయి. వయసులో చిన్నవైనా ముందు మూలపడుతున్నవి అవే!

పెంకులు సర్దే పని వేసవి సెలవుల్లోనే, మృగశిర కార్తెలోపే కావాలి. మనిషి పెంకుల మీద నడవకూడదు, వాసాలకు అడ్డంగా పలక వేసుకుని దాని మీద కూర్చోవాలి. కొప్పు నుంచి కిందికి దించుతూ రావాలి, మళ్లీ చూరు నుంచి పైకి పేర్చుకుంటూ పోవాలి. కార్ఖానా మారితే పెంకు గాడులు కలవవు, ఎంత సర్దినా సందుల్లోంచి కారుతుంది. అడుగున అచ్చుగుద్దిన పేరు చూసి అదే రకం తేవాలి. పాత పెంకుటిల్లు విప్పుతున్న వాళ్లెవరైనా మనలో ఉంటే, పెంకులు అమ్మేముందు ఒకటి తిరగేసి ఆ అచ్చు చూడండి. మన బడి పెంకుతో కలిస్తే ఒక 50 పక్కన పెట్టించండి. పడుకోబెట్టి పేర్చితే పగులుతాయి, నిలువుగా ఆనించాలి.