అవ్వ ఇసుర్రాయి

ఆదివారం, రాత్రి

వెనుక వసారాలో తులసి కుండీకి పీటగా పడి ఉన్న అవ్వ ఇసుర్రాయి ఈరోజు మళ్లీ తిరిగింది. చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి దానిని తిరుపతికి తెచ్చుకున్నప్పుడు మాది ఇంకా చిత్తూరు జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న మా జిల్లా పేరు మారింది గానీ, రాయి మాత్రం ఆ మూల నుంచి కదలలేదు.

దానికి రెండు జబ్బులు: పిడి ఊడిపోయింది, రాళ్ల ముఖాలు అరిగి నునుపెక్కాయి. పై రాయి నడిమి కన్నులో, అంటే రంధ్రంలో, పోసిన గింజ, ఆ రాయి తిరిగేకొద్దీ అంచు వైపు జరుగుతూ, గాట్ల మధ్య నలిగి పిండిగా రాలాలి. గాట్లు అరిగిన రాతి మీద అది జారిపోతుందే తప్ప నలగదు. కక్కు కొట్టడం, అంటే ఉలితో ఆ గాట్లు మళ్లీ పెట్టడం, నాకు చేతకాని పని కనుక, పోయిన వారం వీధిలో కేక వేసుకుంటూ వచ్చిన ఒక పెద్దావిడకు అప్పగించాను. చిన్న ఉలితో నడిమి నుంచి అంచు దాకా వరుసలు వరుసలుగా బియ్యపు గింజంత గుంటలు పెడుతూనే, ఆమె మా అమ్మతో వానల సంగతి మాట్లాడింది.

పిడి నా వంతు. ఎండిన చింతకొయ్యను చెక్కుతుంటే, ఎర్రచందనం దొరకలేదా అని పక్కింటాయన నవ్వాడు. శేషాచలం కింద కాపురముంటే ఈ హాస్యం తప్పదు. మొదటి కొయ్య లావై దిగలేదు, గట్టిగా కొడితే రాయి పగులుతుందని అమ్మ గోల. రెండవది సన్నమై ఊగింది. చివరకు దానికే పాత పంచె పేలిక తడిపి చుట్టి, మెల్లగా దిగగొట్టాను, ఇక కదలలేదు.

రాతిపొడి పోవడానికి మూడుసార్లు తవుడు విసిరి పారబోశాను. మొదటిసారి బూడిదరంగులో వచ్చినది మూడవసారికి తవుడులాగే రాలింది. ఆ తరువాత రాగులు. ఉత్సాహం కొద్దీ దోసెడు పోయబోతే, “పిడికెడే పొయ్యి నాయనా, ఎక్కువైతే మింగదు” అని అమ్మ నా చేయి పట్టుకుంది. రెండు చుట్లు తిరిగేసరికి గరగరమన్న మోత సన్నగిల్లి, రాతి చుట్టూ పిండి వలయంగా పేరుకుంది. వేలితో తీసి చూస్తే గోరువెచ్చగా, కాస్త బరకగా ఉంది.

సంగటికి ఆ బరకే మేలని అమ్మ తీర్పు. రేపు ఉలవలు విరవాలట. గింజ పిండి కాకుండా పప్పుగా విరగడానికి నడిమి కీలుకు గుడ్డ చుట్టి పై రాయిని కొంచెం లేపాలట. మిగిలిన పంచె పేలికను పిడికే కట్టి ఉంచాను. తులసి కుండీకి వేరే పీట చూడాలి.