తొలి ఈతల కాలం: పిల్ల నేల మీద పడ్డాక మొదటి గంట

జులై మొదటి రోజుల్లో మందలోకి పొట్టేలును వదిలితే నవంబరు ఆఖరి వారంలో ఈతలు మొదలవుతాయి. గొర్రె చూలు 147 నుంచి 150 రోజులు. పొట్టేలు ఎక్కిన తేదీ నోటుబుక్కులో రాసుకోండి. అది లేకపోతే దాణా ఎప్పుడు పెంచాలో, రాత్రి దొడ్డి దగ్గర ఎప్పటి నుంచి పడుకోవాలో తెలియదు.

కడుపులో పిల్ల బరువులో మూడింట రెండొంతులు చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. అప్పుడు మేతకు తోడు రోజుకు 200-250 గ్రాముల దాణా కావాలి: మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క. 50 గ్రాములతో మొదలుపెట్టి వారంలో పెంచండి, ఒకేసారి పోస్తే పొట్ట పులుస్తుంది. కవలలున్న తల్లికి తిండి చాలకపోతే మందకు దూరంగా నిలబడుతుంది, మేత ముట్టదు, పళ్లు కొరుకుతుంది. నీరసంలే అనుకోకుండా ఆ రోజే పశువైద్యుణ్ని పిలవాలి. ఈతకు 3-4 వారాల ముందు చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకా తల్లికి వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాలతో పిల్లకు అందుతుంది.

ఈనేముందు పొదుగు బిగుస్తుంది, తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడతాయి, గొర్రె కాలితో నేల గీరుతుంది. ఉమ్మనీటి సంచి పగిలాక గంటలోపు పిల్ల బయటపడాలి. ముందు రెండు గిట్టలు, వాటి మీద ఆనుకున్న మూతి కనిపిస్తే చెయ్యి పెట్టకండి. గిట్టలొచ్చి మూతి రాకపోతే గ్లవ్స్ తొడుక్కుని సబ్బునీళ్లతో లోపల తడిమి చూడండి. గిట్ట పైనున్న రెండు కీళ్లూ ఒకే వైపు మడిస్తే ముందుకాళ్లు, చెరో వైపు మడిస్తే వెనకకాళ్లు. వెనకకాళ్లు రెండూ కలిసి వస్తే పిల్లను తిప్పొద్దు. గొర్రె నొప్పి పడినప్పుడే పొదుగు వైపు కిందికి లాగుతూ, పిల్ల నడుము దాటాక ఆగకుండా బయటికి తీయాలి. ఆగితే బొడ్డు నొక్కుకుని లోపలే ఊపిరి పీలుస్తుంది. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి, గొర్రెల నుంచి మనుషులకు అంటే రోగాలున్నాయి.

పిల్ల పడ్డాక ముక్కు మీద, నోటి మీద పొర తీసేసి తల్లి ముందు పెట్టి పక్కకు జరగండి. నేను ఎక్కువగా చూసే తప్పు ఇక్కడే జరుగుతుంది: చలేస్తుందని పిల్లను గుడ్డతో శుభ్రంగా తుడిచి ఇంట్లోకి తీసుకుపోతారు. ఆ తడిని నాకుతూనే తల్లి పిల్ల వాసన పట్టుకుంటుంది. తుడిచేస్తే, అందులోనూ తొలిచూలు గొర్రె అయితే, తర్వాత తన్నేస్తుంది.

బొడ్డును రెండంగుళాలు ఉంచి టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. పైపైన రాస్తే చాలదు. చిన్న సీసాలో మందు పోసి, బొడ్డు అందులో మునిగేలా సీసా మూతిని పిల్ల పొట్టకు ఆనించి ఒక్కసారి వంచాలి. ఇది మానేస్తే కొద్దిరోజుల్లోనే మోకాళ్లు వాచి పిల్ల కుంటుతుంది.

తర్వాత చన్నులు చూడండి. మొనలో మైనంలాంటి అడ్డు ఉంటుంది, అది పోకపోతే పిల్ల ఎంత చీకినా చుక్క రాదు. ఒక్కో చన్ను నుంచి రెండు ధారలు నేల మీదికి పిండాలి. రెండు గంటల్లోపు ముర్రుపాలు కడుపులో పడాలి, 24 గంటలు దాటితే అందులోని రక్షణ పిల్లకు ఎక్కదు. కిలో బరువుకు పూటకు 50 మిల్లీలీటర్లు లెక్క. 3 కిలోల పిల్లకు 150 చొప్పున మొదటి రోజు నాలుగు పూటలు. తల్లికి పాలు లేకపోతే అదే రోజు ఈనిన మరో గొర్రెవో మేకవో పట్టండి.

పాలు పట్టే ముందు పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా ఉంటే పాలు పోయకండి. చల్లబడ్డ పిల్ల మింగలేదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గోనెసంచిలో పెట్టి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు పక్కన ఉంచి నోరు వెచ్చబడ్డాకే పట్టాలి. పుట్టి ఐదారు గంటలైనా పాలు తాగక చల్లబడితే వెచ్చబెట్టకముందే గ్లూకోజు ఇంజెక్షన్ కావాలి. అది డాక్టరు చేతి పని.

పిల్ల తర్వాత పడే మాయను లాగకండి, 12 గంటలు చూడండి. పడ్డాక కుక్కలకు అందకుండా లోతుగా పాతిపెట్టండి.

మర్నాడు పొద్దున పడుకున్న పిల్లను లేపి చూడండి. కడుపు నిండిన పిల్ల లేచి ఒళ్లు విరుచుకుంటుంది. వీపు గూనిగా వంచి, నాలుగు కాళ్లూ దగ్గరగా పెట్టి నిలబడిందంటే రాత్రి పాలు అందలేదని గుర్తు. అప్పుడు మళ్లీ చన్నుల దగ్గర నుంచే వెతకడం మొదలుపెట్టాలి.